గుండుకి సగం వాటా

చిరంజీవి బావమరిదికి,

బావ దీవించి రాసేది ఏమంటే, బస్సు కుదుపులు తప్ప వేరే ఇబ్బంది లేకుండా అమ్మాయి వాళ్ళింటికి చేరాం. మీ అక్క అప్పుడే వంటింట్లో డబ్బాలన్నీ కిందకి దింపి తనకి నచ్చినట్టు సర్దుతోంది. అమ్మాయి మొహం మాడ్చుకుని తిరుగుతోంది. అల్లుడు ఆఫీసులో పని ఎక్కువగా ఉందంటున్నాడు.

భుజం సంగతి. డాక్టరు ఎక్స్‌రే తీయించి, వెలుతురుకి ఎత్తి చూసి, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నాడు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళని అడిగితే మీ అక్కని బయటికి తీసుకెళ్ళి మాట్లాడాడు. త్వరలోనే తగ్గిపోతుందన్నాడట. కాబట్టి త్వరలోనే వస్తాను. నువ్వు ఫోను మాత్రం చెయ్యకు. మన కార్ల షెడ్డులో నీ సుత్తి పక్కన ఇన్నేళ్ళు నిలబడ్డాక నాకు ఫోనులో ఎవరు మాట్లాడినా ఈగ మాట్లాడినట్టే ఉంటుంది. నీ చెవులు నాకన్నా అధ్వాన్నం. మోచెయ్యి బల్లకి ఆనిస్తే రాయగలుగుతున్నాను, ఉత్తరాలే రాసుకుందాం.

ఇక అసలు సంగతి, పళ్ళ డాక్టరుగారి నల్ల కారు. సొట్టపడ్డ తలుపుని నువ్వు లోపల్నించి కొట్టి బాగానే సరిచేశావు. సొట్ట పూడ్చడానికి పూసిన లప్పం కూడా ఆరిపోయి ఉంటుంది. రుద్దడం మాత్రం నేను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు. తెల్ల కారైతే చిన్నా పెద్దా తప్పులు కడుపులో దాచుకుంటుంది. నల్ల కారు అలా కాదు, ఎండ పడగానే వీధంతా చెప్పేస్తుంది. ముట్టుకోక తప్పకపోతే గరుకు కాగితాన్ని చెక్కదిమ్మకి చుట్టి రుద్దు. ఉత్త వేళ్ళతో రుద్దావంటే వేలికో కాలవ తవ్వుతావు. ఒకసారి ఏటవాలుగా, ఇంకోసారి దానికి అడ్డంగా పోవాలి. ప్రైమరు వెయ్యకుండా లప్పం మీద నీటి చుక్క పడనివ్వకు, అది తాగిన నీళ్ళన్నీ తర్వాత రంగు కింద నుంచి కక్కుతుంది.

బైపాసు పక్కన కొత్త వర్క్‌షాపువాడు కరెంటు మిషనుతో రుద్దుతున్నాడని నువ్వు ఊరికే అన్నట్టు చాలాసార్లు అన్నావు. నాకు గుర్తుంది. మిషను మన షెడ్డులోకి ఒక తలుపులోంచి వస్తే నేను ఇంకో తలుపులోంచి వెళ్ళిపోతానని అప్పుడు నోటితో చెప్పాను, ఇప్పుడు రాసి ఇస్తున్నాను.

ఆశీస్సులతో,
నీ బావ

తా.క.: నా చెక్కదిమ్మ నాతోనే తెచ్చుకున్నాను. దానికోసం వెతక్కు.

~

(ఇది రాసి, చింపేసిన ఉత్తరం)

బావగారికి నమస్కారాలు.

మీ దగ్గర దాచడం నాకు చేతకాదు. మిషను కొన్నాను.

పళ్ళ డాక్టరుగారు వచ్చి, కారు అలాగే ఉండటం చూసి ఒంటికాలి మీద లేచారు. మా బావగారు వచ్చి చేత్తో రుద్దాలండీ అన్నాను. "నేను పళ్ళన్నీ చేత్తో గీకుతూ కూర్చుంటే నా దగ్గరికి ఎవరైనా వస్తారా?" అన్నారు. నెలాఖరుకల్లా ఇవ్వకపోతే బైపాసు పక్కకి తోలుకుపోతారట. ఆయనొక్కడు పోతే పర్వాలేదు. ఆయన పేషెంట్లు నోరు తెరుచుకుని కూర్చుని ఆయన చెప్పిందల్లా వినాల్సినవాళ్ళు. మన షెడ్డు గురించి ఏం చెప్పినా కాదనడానికి వాళ్ళకి వీలుండదు.

ఇంకో మాట. మన షెడ్డుకి ఉన్నది ఒకటే తలుపు బావా. మిషను అందులోంచే వచ్చింది. మీరు వెళ్ళాలన్నా అందులోంచే వెళ్ళాలి. రంగు కొట్టే కంప్రెసరుని ఇన్నేళ్ళూ మీరు మిషను అనలేదు, గాలి అన్నారు. అలాగే దీన్ని కూడా

~

పూజ్యులైన బావగారికి,

మీ బావమరిది నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. మా ఆవిడ మీ భుజం ఎలా ఉందని పదే పదే అడుగుతోంది.

పళ్ళ డాక్టరుగారు బాగా తొందరపెడుతున్నారు. అందుకని రుద్దడానికి ఒక మనిషిని పెట్టాను. మిషను కాదు, మనిషినే. పొట్టిగా, గుండ్రంగా, నున్నగా ఉంటాడు. పేరు చెప్పడు, అందుకని గుండు అని పిలుస్తున్నాం. మాటా పలుకూ లేదు కానీ పని చేస్తున్నంతసేపూ ఏదో కూనిరాగం తీస్తాడు. టీ తాగడు. అలిసిపోయానని అనడు. కరెంటు పోతే మాత్రం పని ఆపేస్తాడు, పట్టపగలైనా సరే. ఒక్కొక్కళ్ళ అలవాటు ఒక్కోలా ఉంటుంది కదా.

మీరు నిశ్చింతగా ఉండండి. అక్కకి నమస్కారాలు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: తన దుమ్ము తనే సంచిలోకి ఎత్తుకుంటాడు. మీరు ఇన్నేళ్ళలో చీపురు పట్టలేదని నేనేమీ అనడం లేదు.

~

చిరంజీవి బావమరిదికి,

ఆశీర్వచనాలు. నీ ఉత్తరం చదివాక నాకు మధ్యాహ్నం అన్నం సయించలేదు.

ఎవడీ గుండు? ఏ షెడ్డులో పని నేర్చుకున్నాడు? గురువెవరు? టీ తాగని పనివాణ్ణి నేను నా జన్మలో చూడలేదు. టీ తాగకపోతే మధ్యలో ఆగి చేసిన పనిని దూరం నుంచి ఎప్పుడు చూసుకుంటాడు? ఆ తలుపు నడుం మీద పొడుగునా ఒక మడత ఉంటుంది, చూశావుగా, దాని మీద ఎలా రుద్దుతున్నాడు? అక్కడ చెయ్యి కొంచెం బరువు పడిందా, రంగూ లప్పం అన్నీ పోయి రేకు పళ్ళికిలిస్తుంది. పళ్ళ డాక్టరుకి అది మనం చూపించకపోయినా కనిపిస్తుంది.

నువ్వు రాసేది నేను నమ్మను. నీకు ఎవడు కనబడినా మంచివాడే. వాడు రుద్దిన కాగితం ఒకటి కవర్లో పెట్టి పంపు. కాగితం అరిగిన తీరు చూస్తే మనిషి ఎలాంటివాడో నేను చెబుతాను.

నీ బావ

తా.క.: ఏ పాట? పాతదా కొత్తదా?

~

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. మీరడిగిన కాగితం ఇందులో పెట్టాను. ఇది గుండు రుద్దిన కాగితమే.

గురువెవరని అడిగాను, జవాబు లేదు. పాట ఏదో నేను పోల్చుకోలేకపోయాను. ఒకటే రాగం, పైకి పోదు, కిందికి రాదు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: కవరు మీద మరకలకి ఏమీ అనుకోకండి. నా వేళ్ళు కొంచెం దోక్కుపోయాయి. సుత్తి పట్టుకుంటే అప్పుడప్పుడు అలా అవుతుంటుంది.

~

చిరంజీవి బావమరిదికి,

ఈ ఉత్తరం నువ్వు ఒక్కడివే కూర్చుని చదువుకో.

కాగితం అందింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. మూడు మడతలు, మూడూ ఒకే తీరుగా అరిగాయి. అంచు మొద్దుబారగానే తిప్పాడు, బద్ధకించలేదు. వేళ్ళ గుర్తు ఎక్కడా లేదు. నేను తప్ప ఇలా కాగితం అరగదీసేవాడు ఇంకొకడు ఉంటాడని నేను అనుకోలేదు. నిన్న రాత్రి దాకా వాడి మీద నాకు కడుపు మండిపోతూ ఉంది, ఎందుకు అబద్ధం చెప్పాలి. ఇప్పుడు లేదు. కాగితం పట్టుకుని కాసేపు ఏడ్చాను. మీ అక్క చూసి కంట్లో గరుకు పొడి పడిందనుకుని నీళ్ళు కొట్టింది.

ఇప్పుడు ఇంకో సంగతి రాయాలి. డాక్టరు ఆ రోజు బయటికి తీసుకెళ్ళి చెప్పింది మీ అక్క మొత్తానికి చెప్పేసింది. ఈ చెయ్యి ఇక భుజం దాటి లేవదట. ముందుకీ వెనక్కీ తోసే పని బతికున్నంతకాలం చెయ్యకూడదట. తొయ్యకుండా రుద్దడం ఎలాగో నాకు తెలియదు. రుద్దకుండా బతకడం కూడా తెలియదు. ఇక్కడ పొద్దున్న లేచి కుర్చీలో కూర్చుంటాను, కుర్చీ నున్నగానే ఉంటుంది, బల్ల నున్నగానే ఉంటుంది, నేను చేసేదేమీ ఉండదు.

అందుకని బాగా ఆలోచించాను. షెడ్డులో నా సగం వాటా గుండుకి రాసిచ్చేస్తాను. నువ్వు కొట్టి సరిచేస్తావు, వాడు రుద్దుతాడు. చేతిపని బతుకుతుంది, మిషనులాంటి దరిద్రం మన గడప తొక్కదు. వకీలుని కలిశాను, కాగితాలు సిద్ధం చేస్తున్నాడు. గుండు పూర్తి పేరు, తండ్రి పేరు, పుట్టిన చోటు రాసి వెంటనే పంపు.

నీ బావ

తా.క.: మీ అక్క వాడికోసం చొక్కా కుడుతోంది. ఛాతీ కొలత పంపు. పెళ్ళయిందా?

~

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. మీ భుజం సంగతి చదివి మా ఆవిడా నేనూ ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

కానీ వాటా సంగతి మాత్రం ఆపండి బావగారూ, మీ కాళ్ళకి దణ్ణం పెడతాను. గుండు మీరనుకున్న మనిషి కాదు. మొదట్లో నేనూ నెత్తిన పెట్టుకున్నాను. మొన్న తలుపు మడత దగ్గర, మీరు చెప్పినట్టే, ఒక్క ఊపులో రేకు దాకా పోయాడు. ఒక చోట కాసేపు వదిలేస్తే గొయ్యి తవ్వేస్తాడు, చూసుకోడు. రేకు గట్టిదో లప్పం మెత్తదో వాడికి ఒకటే. మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోతుంటుంది. నేను పట్టుకుని నడిపిస్తే తప్ప అడుగు కదలడు. ఇలాంటివాడికి వాటా ఏమిటి? రేపే పంపించేస్తాను.

తండ్రి పేరు తెలియదు. పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో అని విన్నాను. పెళ్ళి కాలేదు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: అక్కని చొక్కా ఆపెయ్యమనండి. చేతులు లేని చొక్కా కుట్టినా అతనికి పట్టదు.

~

బావమరిదికి,

ఈసారి చిరంజీవి అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నువ్వు ఇంత సంకుచితంగా తయారవుతావని నేను అనుకోలేదు. వాటా అనగానే నీ రంగు బయటపడింది. నిన్నటిదాకా బంగారం, ఇవాళ పనికిరానివాడు. అడ్రసు లేనివాడు, ఫ్యాక్టరీ దగ్గర ఏ దిక్కులేని తల్లి కన్నదో, జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా పని చేస్తుంటే నువ్వు పట్టుకుని ఈడుస్తావా? డాక్టరుకి చూపించావా? మడత మీద చెయ్యి జారనివాడు ఎవడు? అతన్ని పంపించేశావంటే నేను నీ మొహం చూడను. మీ అక్క కూడా చూడదు, అడిగాను.

అతనికి విడిగా రాశాను, లోపల ఇంకో కవరు ఉంది. అది నీకు కాదు. చదువు రాకపోతే చెల్లెమ్మ చేత చదివించు.

ఇట్లు

తా.క.: కోపంలో సంతకం పెట్టలేదు. ఎవరు రాశారో నీకు తెలుసు.

~

గుండుగారికి,

మీరు నన్ను ఎరగరు. మీరు నిలబడుతున్న చోట ఇంతకుముందు నేను నిలబడేవాణ్ణి.

తలుపు మడత మీద రేకు బయటపడిందని విన్నాను. సిగ్గుపడకండి. మళ్ళీ కొంచెం లప్పం పెట్టండి, ఆరాక మడత గీత మీద టేపు అంటించండి. పైభాగం, కింది భాగం విడివిడిగా రుద్దుకోండి, ఆఖర్న టేపు తీసేసి ఆ గీతని ఒట్టి చేత్తో కాగితం పట్టుకుని మెల్లగా రెండుసార్లు తడమండి. ఎక్కువ వద్దు. నున్నగా అయిందో లేదో కళ్ళని అడక్కండి. కళ్ళు మూసుకుని అరచెయ్యి వెయ్యండి.

మా బావమరిది తొందర మనిషి, చెడ్డవాడు కాదు. నా మీద ప్రేమ ఎక్కువ, అది ఎలా చూపించాలో తెలియక సుత్తి గట్టిగా కొడుతుంటాడు. అతన్ని వదిలి వెళ్ళకండి. మధ్యాహ్నం అతను సుత్తి ఆపాక షెడ్డు సద్దుమణుగుతుంది. అప్పుడు రేకు మీద కాగితం నడిచే చప్పుడొక్కటే ఉంటుంది. నా చెవులకి అది ఎప్పుడో వినపడటం మానేసింది, చేతికి మాత్రం తెలిసేది. దాని మీదే నాకు బెంగ. మీకు తెలుస్తున్నప్పుడు నన్ను ఒకసారి తలుచుకోండి.

ఒళ్ళు జాగ్రత్త.

మీ శ్రేయోభిలాషి

తా.క.: కొంచెం టీ తాగి చూడండి.

~

పూజ్యులైన బావగారికి,

ఈ ఉత్తరంతో పాటు ఒక పార్సిలు వస్తుంది. అందులో గుండు ఉన్నాడు.

నేను మనిషిని పెట్టలేదు బావగారూ. మిషను కొన్నాను. పళ్ళ డాక్టరుగారు కారు పట్టుకుపోతానంటే భయపడి కొన్నాను. మీరు వెళ్ళిపోతారని ఇంకా ఎక్కువ భయపడి మనిషినన్నాను. మీ ఉత్తరం గుండు ముందు పెట్టి చదివాను. ఎవరి ఉత్తరం వాళ్ళకి చదివి వినిపించడం ధర్మం కదా అని మొదలుపెట్టాను, సగంలో ఆపేసి దాని మీద దుమ్ము తుడుస్తూ కూర్చున్నాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, ఇక చాలు, అన్నయ్యగారికి నిజం రాయండి అంది.

మీరు చూసి ఏడ్చిన కాగితం మిషనుది కాదు. దాని కాగితాలు గుండ్రంగా, జల్లెడలా కంతలతో ఉంటాయి, మీకు పంపితే దొరికిపోతాను. అందుకని నేనే మూడు మడతలు పెట్టి, మీరు ఎలా తిప్పుతారో గుర్తు చేసుకుంటూ, ఒక పాత బానెట్టు మీద రుద్దాను. వేళ్ళు అందుకే దోక్కుపోయాయి. ఆ తలుపు కూడా గుండుగారికి మీరు రాసిన పద్ధతిలో నేనే చేత్తో రుద్దాను, టేపు వేసి. దిమ్మ మీ దగ్గరుంది కాబట్టి రెండిటికీ బట్టల బ్రష్షు వెనక్కి కాగితం చుట్టాను. పళ్ళ డాక్టరుగారు వచ్చి తలుపు మీద చెయ్యి వేసి నోరు తెరిచారు. ఆయన నోరు తెరిచి ఏమీ మాట్లాడకుండా ఉండటం నేను అదే మొదటిసారి చూడటం.

వాటా ఎవరికి రాసినా నాకు పర్వాలేదు. మీరు మాత్రం షెడ్డుకి రండి. రుద్దక్కర్లేదు. కుర్చీ వేస్తాను, కూర్చుని నన్ను తిట్టండి. మధ్యాహ్నం సుత్తి ఆపాలంటే నాకు భయంగా ఉంటోంది, ఆపితే ఏమీ ఉండదు. అందుకని కొట్టనవసరం లేని రేకులు కూడా కొడుతున్నాను.

మిషనుని మీ చేతులతోనే పగలగొట్టండి. అందుకే పంపాను.

క్షమించమని అడుగుతూ,
మీ బావమరిది

తా.క.: పగలగొట్టేముందు ప్లగ్గు తీసెయ్యండి.

~

చిరంజీవి బావమరిదికి,

ఈ ఉత్తరం కన్నా నేనే ముందు చేరతానేమో. అయినా రాస్తున్నాను. ఇందులో రాసేవి నీ మొహం చూస్తూ చెప్పడం నా వల్ల కాదు.

నిన్ను తిడుతూ రెండు పేజీలు రాశాను. కవర్లో పట్టవని మీ అక్క తీసేసింది, వచ్చాక చదివి వినిపిస్తాను. నేను ఒక మిషనుకి 'గారు' పెట్టి ఉత్తరం రాశాను. టీ తాగమన్నాను. ఈ సంగతి షెడ్డు దాటి బయటికి పొక్కిందంటే నీ సంగతి చెబుతాను.

పార్సిలు విప్పాక సుత్తి తెమ్మన్నాను. అల్లుడింట్లో సుత్తి లేదు. సరే, పగలగొట్టే ముందు ఇది ఎంత పనికిమాలినదో మీ అక్కకీ అమ్మాయికీ చూపిద్దామని వాకిట్లోకి తీసుకెళ్ళాను. అల్లుడు ఇవాళ ఎవరితోనో కలిసి ఆఫీసుకి వెళ్ళాడు, వాడి కారు వాకిట్లోనే ఉంది. కొత్తది. వెనక తలుపు మీద గోరంత గీత ఉంది. ఆ గీత మీద ఆనించి తొయ్యబోయాను.

అది తొయ్యనివ్వలేదురా. దానంతట అదే తిరుగుతోంది, నేను ఊరికే దాని మీద చెయ్యి వేసి ఉంచాను. ఇప్పుడొస్తుంది ఇప్పుడొస్తుంది అని భుజం నొప్పి కోసం చూశాను. రాలేదు. గీత పోయింది. దాని చుట్టూ మచ్చలా కనబడుతోందని మొత్తం తలుపు చేశాను. ఒక తలుపు ఒకలా, ఇంకొకటి ఇంకోలా ఉంటే బావుండదు కదా, ముందు తలుపు కూడా చేశాను. అమ్మాయి ఏదో అరుస్తోంది, మన చెవుల సంగతి నీకు తెలుసు. తలెత్తి చూసేసరికి అవతలి వైపు కూడా అయిపోయింది. బానెట్టూ డిక్కీ అయిపోయాయి. కారంతా రంగు పోయి బూడిదరంగులో, పసిపిల్లవాడి బుగ్గలా నున్నగా ఉంది. మీ అక్క మెట్ల మీద కూర్చుని నన్నే చూస్తోంది. ఇక్కడికి వచ్చాక నేను నవ్వడం ఇదే మొదటిసారట.

నీ మిషను మీద నువ్వు చెప్పిన నేరాలన్నీ నిజమే. గొయ్యి తవ్వుతుంది, మడతలు దానికి అర్థం కావు. అందుకే మడతల జోలికి పోలేదు, అన్నిచోట్లా రెండు వేళ్ళ వెడల్పు వదిలేశాను. అక్కడ చెయ్యి కావాలి. నాది పనికిరాదు. ఇక నుంచి అవి నీవి, ఆ కాగితం చూశాక నాకు ఏ అనుమానమూ లేదు.

వకీలు దగ్గరికి వెళ్ళి వాటా కాగితం చింపించేశాను. నా వాటా ఎవరికీ ఇవ్వను. నాకింకా పని ఉంది.

సాయంత్రం బస్సుకి గుండూ నేనూ బయల్దేరుతున్నాం. మీ అక్క అల్లుడికి సర్దిచెప్పడానికి ఇక్కడే ఉంటుంది.

ఆశీస్సులతో,
నీ బావ

తా.క.: అల్లుడు తొందరగా వచ్చేశాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు, తలుపు మీద చెయ్యి వేశాడు. "చాలా నున్నగా ఉంది మామయ్యా" అని లోపలికి వెళ్ళి, బూట్లతోనే మంచమెక్కి పడుకున్నాడు. కారు వచ్చే వారం మన షెడ్డుకి వస్తోంది, మడతలు నీకోసం చూస్తుంటాయి.